చుక్కలు ఎటు పోతున్నాయి

పుట్టిన గంటకే మడమ గుచ్చారు.
ఒక చుక్క.
మీటరు ఒకటి పాయింటు తొమ్మిది అంది.
నర్సు ముఖం మారలేదు, నడక మారింది.

తొమ్మిది నెలలూ నా ఒంట్లో చక్కెర ఎక్కువని
రొట్టె ముక్క కూడా తూచి తిన్నాను.
నా తీపికి అలవాటు పడ్డ పిల్లాడు
బొడ్డు కోయగానే
ఒట్టి గాల్లోకి వచ్చి పడ్డాడు.

టీరావ్‌లో పాలపొడి సంచులు కుట్టడం నా పని.
ఎన్ని వందల సంచులో రోజుకి.
ఆ రాత్రి నా రొమ్ము పిండితే
సిరంజిలోకి అయిదు చుక్కలు,
చిక్కగా, పచ్చగా, చాలకుండా.

నర్సు జెల్ తీసి వాడి బుగ్గ లోపల
కారే తొట్టికి లప్పం పూసినట్టు రుద్దింది.
మళ్ళీ గుచ్చారు. రెండు పాయింటు మూడు.
మళ్ళీ జెల్. మళ్ళీ చుక్క.
తెల్లవారుజామున అంకె గట్టెక్కాక
మా నాన్న కిటికీలోంచి చూసి పేరు పెట్టాడు:
తావెర.
వేగుచుక్క.

నాలుగున్నరేళ్ళు.
ఇవాళ హామిల్టన్‌లో ఒక చీకటి గది.
బొమ్మల పట్టీ చివరి వరస దాకా గడగడా చెప్పేశాడు.
ఆ తర్వాత తెర మీద తెల్ల చుక్కలు,
చాలావరకు తోచినట్టు తిరిగేవే,
కొన్ని మాత్రం ఒకే దిక్కుకి.

"చుక్కలు ఎటు పోతున్నాయి?" అంది ఫిలిప్పా.

నాకు తెలుస్తూనే ఉంది, కుడికి.
నా చూపుడు వేలిని ఒళ్ళో అదిమి పట్టుకున్నాను.

"ఆవులు," అన్నాడు వాడు.
"పాలు పిండే వేళయింది."

"సరే, ఎటు?"

వేలు లేచింది, గాల్లో ఆగింది,
ఎడమకి వెళ్ళింది.
ఫిలిప్పా ఏదో నొక్కింది. ముఖం మారలేదు.
మారని ముఖాలు నేనెరుగుదును.

కళ్ళు బాగున్నాయంది.
కళ్ళ వెనక దారి సంగతే ఇంకా చూడాలి,
ఉత్తరం వస్తుంది.
ఆ మొదటి రాత్రి వల్లేనా?
తెలీదంది.
అబద్ధం చెప్పనందుకు కోపమొచ్చింది.

పుతారురు దారిలో
గడ్డి మడిలోంచి గోరింకల గుంపు ఒక్కసారిగా లేచింది,
విరిగింది, కలిసింది, కొండవైపు వాలింది.
వెనక సీట్లో వాడు అద్దానికి వేలు ఆనించి
వాటి వెంట జరుపుతున్నాడు.
కాస్త వెనకబడింది వేలు.
కాస్తే.

నేను కారు నెమ్మది చేశాను.