నమూనా ఉత్తరం

పర్లాకిమిడి కాలేజీ.
అరవై అయిదు, సెప్టెంబరు.
హాస్టలు కిటికీలకు నల్లకాగితం, మైదాపిండి జిగురు.
రాత్రంతా బొద్దింకలు ఆ జిగురు కొరుకుతుంటే
యుద్ధం అంత దగ్గర్లో వినిపించేది.

పొద్దున్నే కర్ర తుపాకులు.
మధ్యాహ్నం కెమిస్ట్రీ.
సాయంత్రం కెప్టెన్ బిసోయి గారి క్లాసు:
"ఆఫీసరన్నవాడికి
గురికంటే ముందు రాత రావాలి.
పోయినవాడి ఇంటికి ఉత్తరం రాయండి.
ఆరు వాక్యాలు. విశేషణాలొద్దు."

ఎవరు పోయారని రాయను?
పేరు కావాలి కదా.
పక్క బెంచీలో ఎలీషా గమాంగో,
సెరంగో కొండల సవర కుర్రాడు,
తెగిన బూటు లేసు పళ్లతో ముడేస్తున్నాడు.
వాణ్ణే రాశాను.

'మీ అబ్బాయి ధైర్యంగా' అన్నాక కలం ఆగింది.
వాళ్లమ్మకు ఇంగ్లీషు రాదు, ఒడియా రాదు,
తెలుగు
సంతలో ఉప్పు బేరానికి సరిపడా.
ఈ కాగితం ఎవరు చదివిపెడతారు?
చదివేవాడు ఏ మాట దగ్గర దగ్గుతాడు?
ఏడో వాక్యం కూడా రాశాను:
మొన్న మీరు పంపిన అనాసపళ్లు
సగం నేనే తిన్నానమ్మా.

ఎర్రసిరాతో ఆయన ఏడోది కొట్టేశారు.
పక్కన, పదికి ఏడు.

ఆ రాత్రి సైరన్ ప్రాక్టీసు.
కందకంలో మోకాళ్లదాకా వాననీళ్లు.
చీకట్లో ఎలీషా భుజం నా భుజానికి తగిలింది.
"ఎవుల్ని రాసినావు?"
"మా చిన్నాన్ని," అన్నాను.
"నాను నిన్నే రాసినాను," అన్నాడు వాడు,
"ఎనిమిదొచ్చింది."

ఆ ఎక్కువొచ్చిన ఒక్క మార్కు
దేనికో అడగబోయాను.
గట్టుమీంచి ఎవరో
నోర్మూసుకోమన్నారు.