పది నిమిషాలు

కల్వకుర్తి బస్టాండుల బస్సు ఆగంగనే
"పది నిమిషాలు ఆగుతది, చాయ తాగెటోళ్లు తాగి రాండ్రి" అని
పదహారేండ్ల సంది ఒర్రుతున్న.
ఆ పది నిమిషాలల్ల
నేను ఎన్నడు లేను.

నా తిండంత నిలవడ్డ తిండి.
ఒక కాలు మెట్టు మీద, చంకల టికెట్ మిషను,
ఒక చేతిల మిర్చి బజ్జి, ఇంకో చేతిల చిల్లర.
ఏం తిన్ననో నాలికెకు తెలిసేలోపు
జంగయ్య హారన్ కొట్టేటోడు.
డబ్బల అన్నం ఆమనగల్లు దాటేవరకు ముద్దయి
రాత్రి మా వాడ కుక్కకు పండుగయితుండె.

ఇంటికాడ గూడ అంతే.
పొయ్యి పక్కన నిలవడి
గిన్నెల మిగిలింది గిన్నెలనే గీకుడు.
పారేస్తె పాపమని
ఆ పాపమంత కడుపుల దాసుకున్న.

అచ్చంపేట డిపోల మొన్న క్యాంపు వెట్టిండ్రు.
నర్సు తబస్సుం వేలు గుచ్చి
అంకె చూసి, నమ్మక మల్ల గుచ్చింది.
తిడ్తదనుకున్న. అది బంద్, ఇది బంద్ అంటదనుకున్న.
"అక్కా, నిన్న పొద్దుగాల ఏం తిన్నవ్?"
అంతే అడిగింది.

వెల్దండల దిగే ముసలామె సంచిల
ఎన్ని బత్తాయిలుండెనో యాదికుంది.
నేనేం తిన్ననో
యాదికి రాలే.

లీవు నాడు అంగడికి వోయిన.
గంగవాయిలి కూర రెండు కట్టలు, సోలెడు అలసందలు,
పచ్చజొన్న పిండి.
మొదటి రొట్టె ఇరిగింది.
రెండోది మాడింది.
మూడోదానికి చెయ్యి తన పని యాది జేసుకుంది.

ఆ చప్పుడు ఇని గోడ అవుతల్నుంచి బక్కమ్మ
"సుట్టాలొచ్చిండ్రా ఏందే?" అన్నది.
"ఎవలు రాలే అత్తా,
నేనే వొచ్చిన."

సుట్టాలకు తీసే స్టీలు తల్లె దించిన.
పప్పుల పుల్లగ గంగవాయిలి, పక్కకు ఎల్లిపాయ కారం,
ఆఖరుకు సల్ల.
ఫోను బియ్యం డబ్బల వెట్టి
కింద కూసొని తిన్న.
ఎందుకో ఏడ్పొచ్చింది. కారం అనుకున్న.

బజ్జిని ఇడిసిపెట్టలే, అబద్ధమెందుకు.
శుక్రారం ఒకటి, ఉల్లిగడ్డ నంజుకొని, కూసొని.
అంకె ఇంకా పూరా దిగలే.
కొన్ని దినాలు మల్ల నిలవడే తింట,
మల్ల కూసుంట.

సీతాఫలాల కాలమొచ్చింది.
మన్ననూరు పిల్ల ఒకటి చేతిల వెట్టి వోయింది.
తొందరవడితె లొంగని పండు,
గింజ గింజకు ఆగాలె.
సగం నాకు, సగం జంగయ్యకు.

ఇయ్యాల కల్వకుర్తిల ఎనక సీట్ల కూసొని డబ్బ తెరిసిన.
గుడాల మీద నిమ్మకాయ పిండుతుంటె
కిటికీ కొట్టి ఎవరో
"అమ్మా, బస్సెప్పుడు కదుల్తది?"

నాలుగు వేళ్లు చూపిచ్చిన.
నోట్ల రొట్టె ఉండె.