కరిగేంతవరకు

నోరు తెరువు లాలెప్పా.
నాలుక పైకెత్తు.
పెట్టినా. ఇంక మూసుకో.
మింగొద్దు, నమలొద్దు, మాట్లాడొద్దు.
ఎనిమిది నిమిషాలు
నీ ఎదురుగా స్టూలేసుకొని కూర్చోవడమే నా డ్యూటీ.

మాత్రను దవడలో దాచి
బాత్రూములో ఉమ్మి, కిటికీ ఊచ మీద ఆరబెట్టి
గేటు బయట అమ్ముకున్నోడు ఉన్నాడు, పోయిన నెల.
అందుకని, నిన్ను నమ్మినా
నీ నోటిని నమ్మగూడదని రూలు.

మొదటిసారి వచ్చిన రాత్రి గుర్తుందా?
కర్నూలు ఏప్రిల్ ఉక్కలో
నీ ఒంటి మీద కోడితోలు లాగా గగుర్పాటు.
ఆవలింత మీద ఆవలింత,
ఏడుపు లేకుండానే కండ్ల నీళ్ళు,
కాళ్ళు వాటంతటవే మంచాన్ని తంతున్నాయి.
సెలైను పెట్టాలని నరం కోసం వెతికినా.
మోచేతి మడతలో లేదు. మణికట్టు మీద లేదు.
ముట్టుకున్న చోటల్లా ఎండిన తాడు.
అప్పుడు నువ్వన్నావు:
"ఆడ యాల ఎతుకుతావు సిస్టరమ్మా,
ఎడమ పాదం, చీలమండ కింద చూడు.
అదొక్కటి దాచిపెట్టుకున్యా."
బేతంచెర్ల గనిలో సుత్తితో తట్టి
బండ ఏ పొర దగ్గర విడుతుందో చెప్పే చెయ్యి
నా వేలు పట్టుకొని చోటు చూపించింది.
పద్దెనిమిదేండ్ల సర్వీసు నాది.
ఆ తెలివి మాత్రం నీది.

పొద్దున రౌండ్సులో చిన్న డాక్టరమ్మ అడిగింది,
"నొప్పి పదికి ఎంత?"
"బండ ఎత్తేటప్పుడా, దించేటప్పుడా?"
కేసు షీట్లో దానికి గడి లేదు.
ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూస్తే
నాలుగో పూస ఐదో పూస మీదికి జారింది, నిజం.
ఆ నడుముకు మందులంగడి పిల్లోడు
చీటీ అడక్కుండా పొడిచిన మొదటి సూది, నిజం.
ఇప్పుడు నొప్పి అని అరిచేది
వెన్నుపూసా, సూదా?
డాక్టరమ్మ పెన్ను మూత కొరుక్కుంటా నిలబడింది.
నీకూ తెలీదని నాకనిపించింది.

మూడు నిమిషాలు. గుటక వెయ్యొద్దంటి కదా.

మీ కాశింబీ వరండాలో నన్ను నిలబెట్టి అడిగింది:
"ఇదీ మత్తు మాత్రేనంట గదమ్మా.
ఒకటి ఇడిపిచ్చి ఇంగోటి పట్టిస్తాండారా?"
విరిగిన కాలికి చేతికర్ర లాంటిది అన్నా.
"కర్ర ఎప్పుడు ఇడుస్తాడు మరి?"
ఎవరో పిలిచినట్టు లోపలికి వచ్చేసినా.
ఎవరూ పిలవలేదు.

డిశ్చార్జి కాగితం మీద రాసిచ్చినారు,
బరువులు ఎత్తరాదు.
నువ్వది నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని
బండలెత్తడానికే పోయినావు.
పాలిష్ మిషను పక్కన, ఆ దుమ్ములో, ఆ నీళ్ళలో
మా కాగితం ఎన్నాళ్ళు నానకుండా ఉంటుంది?

నువ్వు మాట్లాడగూడదు.
నోరు మూసుకున్న మనిషిని ఊరికే చూస్తా కూర్చోలేక
అప్పుడు నేనే ఏదో ఒకటి చెప్తుంటి.
నందికొట్కూరు బస్సు ఈరోజూ లేటని,
క్యాంటీన్ ఉగ్గానిలో ఉప్పు లేదని,
మా పాపకు రెండో టర్ము ఫీజు ఇంకా కట్టలేదని.
పేషెంట్లతో ఇంటి సంగతులు వద్దని
ట్రైనింగులో చెప్పినారు.
ఎనిమిది నిమిషాలు ఎట్లా కూర్చోవాలో చెప్పలేదు.

ఇది మూడోసారి రావడం.
మొన్న రాత్రి క్యాజువాలిటీలో
పండ్లు టకటకా కొట్టుకుంటా ఉంటే
అలవాటు కొద్దీ నీ ఎడమ పాదం దగ్గర వంగినా.
చీలమండ కింద తడిమినా.
అక్కడా తాడే.
తల ఎత్తేలోపల నువ్వడిగినావు,
మందు అడగలా,
"పాపకు ఫీజు కట్టినారా సిస్టరమ్మా?"

కట్టినాలే లాలెప్పా.
అప్పుడు చెప్పలేకపోయినా, నీ పాదమే చేతిలో పట్టుకొని.

టైమైంది.
నోరు తెరువు. టార్చి వేస్తా, కండ్లు మూసుకో.
నాలుక పైకి.
ఆ మూల ఇంకా తెల్లగా
నూకంత పలుకు ఒకటి ఉంది.
మూసుకో.
ఇంకొక్క నిమిషం కూర్చుంటా.