గుడ్ల అట్టల గది

మల్కాజిగిరి రైల్వే గేటు పక్క
కోళ్ల ఫారం వాళ్ల గోదాములో పుట్టింది మా బ్యాండు.
చప్పుడు బయటికి పోకుండా
గోడల నిండా గుడ్ల అట్టలు కొట్టాం.
అయినా పోయేది.
పక్కింటి యాదమ్మ చాట ఆపి తిట్టేది,
తిట్టి, మళ్లీ మా తాళంలోనే చెరిగేది.

పాట ఎత్తుకోగానే కరెంటు పోయేది గనక
పేరు 'కరెంటు కోత'.
డెన్నిస్ డ్రమ్స్, ఇలియాజ్ గిటారు,
బేసు నాది, గొంతు కౌండిన్యది.

ఘట్‌కేసర్ కాలేజీలో ఒక రాత్రి
మేం మరిచిపోయిన రెండో చరణాన్ని
మూడువేల మంది అందుకున్నారు.
ఆ తర్వాత పదకొండు నెలలు
కాళ్లు నేలకు ఆనలేదు.

విడిపోయింది మాత్రం అర మాత్ర దగ్గర.
నువ్వెప్పుడూ అర మాత్ర ఆలస్యం, అన్నాను.
నీకే తొందర, అన్నాడు ఇలియాజ్.
తార్నాక బస్టాపులో ఆంప్లిఫయర్ పంచుకున్నాం:
డబ్బా వాడికి, వైరు నాకు.

ఏడేళ్లకు డెన్నిస్ ఫోను.
రోడ్డు వెడల్పట, గోదాము కొట్టేస్తున్నారట.
నలుగురం మేకులు పీకుతున్నాం, మాటల్లేవు.
కౌండిన్యకు పొట్ట వచ్చింది.
డెన్నిస్ పెయింటు బకెట్టు బోర్లించాడు.
మీటరు ఇంకా తిరుగుతూనే ఉంది.
ఇలియాజ్ డబ్బా దించి
నా వైపు చూడకుండా చెయ్యి చాచాడు.
వైరు నా సంచిలో ఉందని
వాడికెవరు చెప్పారో.

ఒకటి, రెండు, మూడు...
వాడు రాలేదు.
ఆగాను.
గోడ అవతల
చాట కూడా ఆగింది.