మూడున్నర పుస్తకాలు

పిల్లల్ని పెంచడానికి మంచి పుస్తకాలేవైనా ఉన్నాయేటత్తా అని
గుంటడిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ అడిగావు.
ఉన్నాయి సంజుక్తా.
గుణుపురం స్టేషన్ రోడ్డులో, ఈ కుట్టు మిషను పక్కన,
అద్దెకిచ్చే డెబ్బై చిల్లర పుస్తకాల్లో
పిల్లల పెంపకం మీదున్నవి మూడున్నర.

ఆకుపచ్చ అట్టది ఒక డాక్టరు రాసింది.
జ్వరం, విరేచనాలు, చెవిపోటు: అక్కడ కళ్లు మూసుకుని నమ్ము.
లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు,
ఆ పేజీకి నూనె మరకుంటుంది, వెతకక్కర్లేదు.
నిద్ర గురించి రాసినవి మాత్రం తిప్పేయ్.
పిల్లకి వేరే గది ఉండాలంటాడు.
మీ ఇంట్లో రెండో గదంటే
తాడు మీద వేలాడే మీ అత్త చీరే కదా.

రెండోది లావుపాటిది, పట్నం తల్లులకి.
ఏ నెలలో పాకాలో ఏ నెలలో పలకాలో పట్టీ వేసుంటుంది,
అది చూస్తే పిల్లలకి కాదు, మనకి జ్వరమొస్తుంది.
మీ టుకునకి పదహారో నెలకి కదా నడకొచ్చింది,
వచ్చాక ఆగిందా?
మొన్న నా బాబిన్ల డబ్బా పట్టుకుని
వంశధార దాకా పోయేవాడే, చూడకపోతే.
బియ్యం డబ్బా మూత మీద బరువుకి బాగుంటుందీ పుస్తకం.

అర పుస్తకం నూట పన్నెండో పేజీ దగ్గర ఆగిపోతుంది.
మిగతాదాంట్లో ఎవరో వడలు కట్టుకుపోయారు.
ఆఖరి వాక్యం ఇది:
పిల్లవాడు మొదటిసారి అబద్ధమాడినప్పుడు తల్లి చేయవలసిన పని
అంతే.
పదకొండేళ్లుగా అడుగుతున్నాను, తీసుకెళ్లిన ప్రతివాళ్లనీ.
పోస్టుమాస్టరుగారి భార్య ఒక్కర్తే
కాసేపాగి, ముందు నేను మానాలమ్మా అంది.

మూడోది పల్చన. ఒక పంతులమ్మ రాసింది.
నన్నడిగితే ఇదే పట్టుకెళ్లు.
నలభయ్యో పేజీలో పెన్సిలు గీతుంటుంది:
దెబ్బ తిన్న పిల్లాడు పాఠం గుర్తుపెట్టుకోడు,
చెయ్యి గుర్తుపెట్టుకుంటాడు.
ఆ గీత నాదే.
ఈ పుస్తకం నా చేతికొచ్చేసరికి
మా లోకనాథానికి పంతొమ్మిదేళ్లు.
ఈ కొయ్య స్కేలే. వేరేది కాదు.
ఇప్పుడు రాయగడలో ఆటో నడుపుతాడు, రథయాత్రకొస్తాడు.
నేను గుడ్డ కొలవడానికి స్కేలు తీస్తే
అన్నం తింటున్నవాడి ఎడమ చెయ్యి
దానంతటదే లేస్తుంది, చెవిదాకా.
తర్వాత జుత్తు సర్దుకున్నట్టు దించేస్తాడు.

ఇదంతా నేను చెప్తూ ఉంటే
నువ్వు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నావు.
నీ మెడ వంగిపోయింది.
అత్తా, నాకు ఒడియా అక్షరాలే వచ్చు.

నా మతి మండ!
తెలుగులో తిడతావు, తెలుగులో జోకొడతావు,
సంయుక్తవై వెళ్తే బడివాళ్లు
సంజుక్తని చేసి పంపేరని తెలిసీ మర్చిపోయాను.
వాళ్ల అక్షరాలకి గొడుగు,
మన అక్షరాలకి తలకట్టు.
సరే, ఇలా చేద్దాం.
మధ్యాహ్నం కరెంటు పోయే వేళకి రా.
నేను చదువుతాను, నువ్వు ఆ గొడుగు అక్షరాల్లోనే
తెలుగు మాటలు రాసుకో.
పాత కొలతల పుస్తకం ఇస్తాను,
ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు రాసిన పేజీల వెనక అంతా ఖాళీయే.
గుంటడు చించుతానంటే లావుది వాడికిద్దాం.

అద్దె వద్దులే. ఒక్క పని చేసిపెట్టు.
ఆ నలభయ్యో పేజీలో, గీత కింద,
లోకనాథానికి నేనొక ముక్క రాశాను.
నాలుగు రథయాత్రలుగా
వాడి మంచం పక్కనే పెడుతున్నానా పుస్తకం.
వాడూ మీ బళ్లోనే కదా చదివాడు, బుద్ధి నాకుండొద్దూ.
దాన్ని వాడికొచ్చిన అక్షరాల్లోకి దింపు.
దింపాలంటే నేను పైకి చెప్పాలి కదూ.
ఆగు.
గుంటడిని ఇలా నా ఒళ్లో పడెయ్.
మిషను తొక్కుతూ చెప్తాను,
వినబడినంత రాసుకో.