అనుమానం కార్డు మీదే

ముందు ఆయన చొక్కా జేబు మీద
ఒక ఆకుపచ్చ చుక్క.
గుడ్డతో తుడిచాను, పోలేదు.
ఫోటో పక్కకి జరిపితే తను జరగలేదు.
కాసేపటికి పదయ్యాయి,
ఆపైన చెవి నుంచి చెవి దాకా ఊదారంగు గీతలు,
గాలివానలో పాత కేబుల్ టీవీలా.

"మా నాయన మొహానికేమైందండీ?"
వెనక ప్లాస్టిక్ కుర్చీలో దీవెనమ్మ.
పొద్దున పదింటికి ఆదరణ కూడిక.
ఆరు బై నాలుగు ఫ్లెక్సీ,
పైన వాక్యం, కింద మనవల పేర్లు.
"ఏం కాలేదమ్మా, మిషన్‌కే ఏదో" అన్నాను,
ఆ ఏదో ఏందో తెలీకుండానే.

ఫోన్లో నాగుల్ మీరా ఒకటే అడిగాడు:
"స్క్రీన్‌షాట్ తీసి నీ ఫోన్‌లో చూడు.
అందులోనూ గీతలున్నాయా?"
ఉన్నాయి.
"అయితే పాపం మానిటర్ ఏమెరగదు. వస్తన్నా."

చుట్టుగుంటలో రాత్రి తొమ్మిదిన్నర,
షట్టర్ ముట్టుకుంటే ఇంకా కాలుతోంది.
అతని సంచిలో ఒక స్క్రూడ్రైవరు, పెయింట్ బ్రష్షు,
కూతురి జామెట్రీ బాక్సులోంచి తెచ్చిన రబ్బరు.
"కార్డు పోయినట్టే కదా?" అన్నాను.
"పోయిందని చెప్పడం తేలిక, అన్నా.
డబ్బులూ అందులోనే" అని నవ్వాడు.

డ్రైవర్ పీకి కొత్తది వేశాడు: గీతలు.
నా నమ్మకం కోసం కేబుల్ మార్చాడు: గీతలు.
కార్డు ఊడదీసి, బోర్డుకున్న సొంత చూపుతో నడిపాడు.
పెద్దాయన మొహం తేటగా వచ్చింది,
ఫ్లెక్సీ సైజు తెరిచేసరికి మాత్రం
మిషన్ ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది.
"చూశావా, కార్డే!"
"కార్డో, అది కూచునే గాడో,
కరెంటిచ్చే డబ్బానో, వేడో.
ఇంకా నాలుగు మిగిలున్నయ్."

కార్డు మూత విప్పాడు.
లోపల దుమ్ము ఎర్రగా ఉంది.
బ్రష్ పెట్టగానే ముందు అతను తుమ్మాడు,
తర్వాత నేను,
తర్వాత ముగ్గురం, ఒకరి మీద ఒకరు.
ఫిబ్రవరి నుంచి మా వీధి పీల్చే గాలే
ఇదీ పీల్చింది, నాలుగు సీజన్లు,
రెక్కల సందుల్లో కారం గట్టిగా అచ్చు కట్టేదాకా.

దీవెనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.
ఘాటు తగ్గాక కూడా తుడుచుకుంటూనే ఉంది.
మేం స్క్రూలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాం.
"ముప్పై రెండేళ్లు ఆ యార్డులోనే బస్తాలు మోశాడు.
పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే దీపానికి పెట్టి
ఇయ్యిగో గీతలన్నారు.
గుండెదా, ఊపిరితిత్తులదా,
ఆయన కాల్చే చుట్టదా,
రోజుకొక పరీక్ష రాశారు..."
బ్రష్ ఆగింది.
మళ్లీ కదిలింది, ఇందాకటికన్నా మెల్లగా.

ఎండి బెరడైన పేస్టు గీకి
బియ్యపు గింజంత కొత్తది పెట్టాడు.
బంగారు పళ్లని రబ్బరుతో రుద్దాడు.
గాడిలో టక్కుమనేదాకా నొక్కాడు.
తొంభై రెండు డిగ్రీలు కాస్తా డెబ్భై నాలుగు.
ఇంక పరీక్ష: తెర నిండా
బొచ్చు మొలిచిన గారె ఒకటి గిరగిరా తిరగాలి,
అరగంట, ఎక్కడా చెదరకుండా.
"అదెవరు తింటారయ్యా?" అంది దీవెనమ్మ,
ఆ రాత్రి మొదటిసారి నవ్వి.

గారె చెదరలేదు.
"బాగైనట్టేనా?"
"ఇవ్వాళ్టికి. చిప్పు కింద టంకం వదిలిందేమో,
రోహిణీ కార్తె దాటాక అడుగు."
మూడొందలు తీసుకుని బండెక్కాడు.

పక్క రేకు మూయలేదు.
నా టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి
చెమటలో కూచున్నాను.
నుదుటి మీద అడ్డంగా ఇంకో గీత మిగిలింది,
ముదురు రంగుది.
చెరిపే బ్రష్ తీసుకున్నాను.

"అది ఉండనీయండి" అందామె.
"తలపాగా కట్టే చోటు. మిషన్‌ది కాదు."

సేవ్ కొట్టాను.
ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్‌లో ఇంకోసారి.