దమ్మున్నదా

ఎనుమాముల మార్కెట్ గేటు ముంగట
మా మందుల దుకాణం.
ఓదెలు చీటీ ఇచ్చిండు:
మెటోప్రొలాల్, ఇరవై అయిదు, పొద్దుటికొకటి.
చీటీకి అంటుకున్న పత్తి పోగును ఊది
అడిగిన: దమ్మున్నదా?

"దమ్ముంటే నీ కాడికెందుకొస్త బిడ్డా."

ఆ దమ్ము కాదు మామా, పిల్లికూతల దమ్ము.
రాత్రిపూట ఊపిరాడక లేచి కూసుంటవా?
ఈ మందు గుండె కోసమే పోతది గని
మోతాదు పెరిగితే పక్కనున్న ఊపిరిగొట్టాలల్ల గూడ చొరవడ్తది.
లేదన్నడు.

ఏం జేస్తదీ గోలి?
పుస్తకంల బొమ్మ చూపిస్తే కాదని
యార్డు చూపిచ్చిన.
నీ గుండెల కొన్ని కుర్చీలున్నయి.
భయం పుట్టినా కోపం పుట్టినా
కిడ్నీల మీది గ్రంథుల నుంచి అడ్రినలిన్ ఉరికొస్తది,
కుర్చీల కూసుంటది, పాట అందుకుంటది:
డెబ్బై, తొంబై, నూటపది, నూటముప్పై...
గుండె ఆ పాట ఎంబడి ఉరుకుతది.
గోలి ముందుగాల్నే పోయి కుర్చీ పడ్తది.
కూసుంటది. అంతే.
పాట పాడదు.
వచ్చిన అడ్రినలిన్ నిలవడి నిలవడి మళ్లిపోతది.

నవ్విండు. "మంచి దళారి. కొనడు, కొననియ్యడు."

పత్తి దిగేటప్పుడు మళ్ల వచ్చిండు.
నాడి యాభై ఎనిమిది. వేళ్ల కొసలు సల్లగ.
కలల్ల పత్తి తడుస్తున్నదన్నడు రోజూ.
"నిన్న తేమ ఎక్కువుందని
క్వింటాలుకు ఆరువందలు కోసిండు బిడ్డా.
నా చెయ్యి వణకలె, చెవులు వేడెక్కలె.
ఎవలిదో పత్తన్నట్టు
కాంట దిక్కు చూసుకుంట నిలవడ్డ.
అది నేనేనా, నీ గోలియా?
రేపు రెండో లోడు తెస్తున్న.
రేపొక్కనాడు మింగ. వాణ్ని అడగాలె."

నా గుండె దబదబ కొట్టుకున్నది.
నాకు గోలీల్లేవు మరి.

ఆపద్దు మామా.
ఇన్నిదినాలు పాట వినపడక
నీ గుండె కొత్త కుర్చీలు ఏసుకున్నది, వరుసలకు వరుసలు.
గోలి ఒక్కపారి లేసిపోతే
అన్నిట్ల అడ్రినలినే.
అప్పుడు పాట ఎక్కడ ఆగుతదో
పాడెటోనికి గూడ తెల్వదు.
తగ్గియ్యాల్నంటే డాక్టరే తగ్గిస్తడు, మెల్లగ.
కోపం యాడికి పోలేదు అని గూడ అందామనుకున్న.
అనలేదు. నాకు ఖాయంగ తెల్వదు.

తెల్లారి పదకొండింటికి
యార్డుల లొల్లేం వినపడలె.
ఊడ్పుల పనికొచ్చే సారవ్వ చెప్పింది:
తేమ మిషన్ మళ్ల పెట్టుమన్నడంట,
అంచుకు కాదు, బోరెం నడుమ.
గొంతు లేపలేదంట.
నాలుగుసార్లు అదే మాట, అదే సప్పుడు,
కాంట ముంగటికెల్లి కదలకుంట.

రేటేమైందో సారవ్వకు తెల్వదు.

పొద్దుగూకినంక వచ్చి స్ట్రిప్పు అడిగిండు.
నోట్లకు పత్తి అంటుకున్నది.
నేను చిల్లర లెక్కవెడుతుంటే
అడగకముందే అన్నడు:
"ఉన్నది బిడ్డా."